నొప్పి చేతిలో, జబ్బు మెడలో

ఒకరోజు పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది. తలగడ సరిగ్గా లేదేమో అనుకున్నాను. రెండు రోజులకి మెడ సర్దుకుంది కానీ నొప్పి కుడి రెక్క ఎముక పక్కకి దిగింది. అక్కణ్నుంచి జబ్బ వెనకగా, ముంజేతి మీదుగా మధ్యవేలి దాకా పాకింది. వారం తిరిగేసరికి ఆ వేలు మొద్దుబారింది. రాత్రిళ్లు ఎటు తిరిగి పడుకున్నా ఒకటే సలుపు.

నేను టీచర్‌ని. బోర్డు మీద రాస్తున్నంతసేపూ చెయ్యి బాగానే ఉండేది. కూర్చుని తల వంచి పేపర్లు దిద్దితే మాత్రం పది నిమిషాలకే లాగేసేది. చెయ్యి తలమీద పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు. చెయ్యి కదలికను బట్టి నొప్పి మారుతోంది కదా, ఇది భుజం జబ్బే అని నాకు నేనే తేల్చేసుకుని మూడు వారాలు భుజానికి కాపడం పెట్టాను.

డాక్టర్‌గారు ఇదంతా విని, "తలమీద పెట్టుకుంటే తగ్గుతోందా? అయితే మెడ చూడాలమ్మా" అన్నారు. చెయ్యి పైకెత్తితే నరం మీద లాగుడు తగ్గుతుందట. భుజం జబ్బయితే చాలావరకు చెయ్యి ఎత్తడమే కష్టమవుతుంది. నా తలను కాస్త వెనక్కి, కుడివైపుకి వంచి నెత్తిమీద మెల్లగా నొక్కారు. వేలి దాకా కరెంటు కొట్టినట్టయింది. తర్వాత మోచెయ్యి చాస్తూ తన చేతిని తోయమన్నారు. ఎడమచేత్తో గట్టిగా తోశాను. కుడిచెయ్యి నిలవలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది. నొప్పిని ఓర్చుకోగలను, చెయ్యి నా మాట వినకపోతే ఏం చేయను?

ఎమ్మారైలో 6, 7 పూసల మధ్య డిస్క్ జారి 7వ నరాన్ని నొక్కుతోందని తేలింది. ఎక్స్‌రేలో ఎముకలే తప్ప డిస్క్ కనిపించదు. మెడలో 7 పూసలు, 8 జతల నరాలు ఉంటాయి. మొదటి రెండు పూసల మధ్య తప్ప మిగతా పూసల మధ్య ఒక్కో డిస్క్ ఉంటుంది: చుట్టూ గట్టి నార పొరలు, లోపల మెత్తటి గుజ్జు. పొరలు చిట్లితే గుజ్జు బయటికి పొడుచుకొస్తుంది. జారింది అంటాం కానీ డిస్క్ మొత్తం ఎక్కడికీ పోదు. వచ్చిన ముక్క నరాన్ని నొక్కడమే కాదు, అక్కడ వాపునూ పుట్టిస్తుంది. ఏ వేలు మొద్దుబారిందో చూసి ఏ నరమో చాలావరకు ఊహించవచ్చు. బొటనవేలయితే 6, మధ్యవేలయితే 7, చిటికెన వేలయితే 8.

రిపోర్ట్‌లో ఇంకో రెండు చోట్ల 'బల్జ్' (డిస్క్ కాస్త ఉబ్బడం) అని చదివి రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా చాలామందిలో అవి కనిపిస్తాయని మర్నాడు తెలిసింది. మన లక్షణాలతో సరిపోయేదే అసలు సంగతి. దయచేసి రిపోర్ట్ ఒక్కటీ పట్టుకుని భయపడకండి.

ఆపరేషన్ తప్పదా అని అడిగాను. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుందని, బయటికొచ్చిన ముక్కను ఒంట్లోని కణాలే చాలాసార్లు కరిగించేస్తాయని చెప్పారు. కానీ బలం తగ్గింది కాబట్టి రెండు వారాలకోసారి కనిపించాలని, ఇంకా తగ్గితే ఒక్కరోజు కూడా ఆగొద్దని గట్టిగా చెప్పారు. వాపు తగ్గే మాత్రలు, నరాల నొప్పికి మగతనిచ్చే మాత్ర ఒకటి రాశారు. మెడపట్టీ కొద్దిరోజులే వాడాను.

నాకు కళ్లు తెరిపించింది మాత్రం ఫిజియోథెరపిస్టే. గడ్డం నిటారుగా వెనక్కి లాగే వ్యాయామం మొదలుపెట్టిన నాలుగో రోజున, "మెడలో నొప్పి పెరిగిందండీ, ఆపేస్తాను" అన్నాను. "మరి చేతిలో?" అని అడిగారావిడ. ఆలోచిస్తే, ముంజేతిలో సలుపు లేదు. నొప్పి చేతిని వదిలి మెడ వైపు వెనక్కి వెళ్తుంటే అది మంచి గుర్తట. కిందికి దిగుతుంటే మాత్రం ఆ వ్యాయామం ఆపి చెప్పాలి. అప్పటినుంచి ఎంత నొప్పి అని కాకుండా ఎక్కడిదాకా నొప్పి అని డైరీలో రాసుకున్నాను. వేలు, ముంజెయ్యి, మోచెయ్యి, జబ్బ. ఏడో వారానికి రెక్క ఎముక దగ్గర ఆగింది.

ఈ దశలో మెడ విరిపించుకోమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. నరం నొక్కుకుపోయి ఉన్నప్పుడు ఎవరి చేతా మెడను గట్టిగా తిప్పించుకోకండి. ఇంకో మాట. చొక్కా గుండీలు పెట్టుకోవడం తడబడినా, నడకలో కాళ్లు తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా, నొప్పి లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అది వెన్నుపామే నొక్కుకుపోతున్న సూచన కావచ్చు. అప్పుడు మెడ ముందువైపు నుంచి డిస్క్ తీసేసి రెండు పూసల్నీ కలిపేసే ఆపరేషన్ లాంటిది త్వరగా చేయాల్సి రావచ్చు.

నాకు బలం రావడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యవేలి కొస ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. పేపర్లిప్పుడు ఏటవాలు పలక మీద పెట్టుకుని దిద్దుతున్నాను. పదేసి పేపర్లకోసారి లేచి, కుడిచేత్తో గోడను తోసి చూసుకుంటాను.