ఐపీ అడ్రసు మార్చాక కూడా ఫోన్లలో పాత దుకాణమే తెరుచుకుంది – నా అనుభవం

వెబ్‌సైటు ఐపీ అడ్రసు (సైటు ఉన్న సర్వర్‌ను గుర్తించే నంబరు) మార్చడానికి నాకు పట్టింది పది నిమిషాలు. ఆ మార్పు సగం మందికి ఎందుకు చేరలేదో కనుక్కోవడానికి పట్టింది నాలుగు రోజులు. కోపం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

మంగళగిరిలో మా మేనమామకు చేనేత చీరల దుకాణం ఉంది. దాని వెబ్‌సైటు బాధ్యత నాది. డొమైన్ (సైటు పేరు) ఒక కంపెనీ దగ్గర, హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్) మరో కంపెనీ దగ్గర. దీపావళి వెళ్లగానే హోస్టింగ్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. సర్వర్లను కొత్త చోటికి తరలిస్తున్నారు, ఐపీ అడ్రసు మారుతుంది, డొమైన్ వేరే చోట ఉన్నవాళ్లు ‘ఎ’ రికార్డును (డొమైన్ పేరుకు ఐపీ అడ్రసును జతచేసే వరుసను) తామే మార్చుకోవాలి, పాత సర్వర్ మరో వారం నడుస్తుంది. మెయిల్ చివర కొత్త నంబరు. అంతే.

నేను చేయవలసినవన్నీ చేశాను. బ్యాకప్ తీశాను. రెండు రోజుల ముందే ‘ఎ’ రికార్డు టీటీఎల్‌ను 86400 నుంచి 300కు తగ్గించాను. అది సెకన్ల లెక్క. మన చిరునామాను మిగతా సర్వర్లు ఎంతసేపు గుర్తు పెట్టుకోవాలో అది చెబుతుంది. తగ్గించకపోతే పాత నంబరు ఒక రోజంతా వాళ్ల దగ్గర ఉండిపోతుంది. ఈ ఒక్క పని చేయక, సైటు తెరుచుకోవడం లేదని గగ్గోలు పెట్టినవాళ్లను ఎందరినో చూశాను. ఏ పేరుకు ఏ చిరునామాకు వెళ్లాలో నా కంప్యూటర్‌కు మాత్రమే చెప్పే హోస్ట్స్ ఫైలులో కొత్త నంబరు రాసుకుని, కొత్త సర్వర్‌లో సైటు సరిగా తెరుచుకుంటోందని ముందే చూసుకున్నాను కూడా. శుక్రవారం రాత్రి కంపెనీ వాళ్లు ఫైళ్లు, డేటాబేస్ తరలించడం పూర్తి చేశారు. రికార్డు మార్చాను, హోస్ట్స్ ఫైలులో రాసిన వరుస తీసేశాను. పది నిమిషాల్లో మా ఇంటి కంప్యూటర్‌లో కొత్త సర్వర్ తెరుచుకుంది. శనివారం ఉదయం దీపావళి తగ్గింపు ఎత్తేసి మామూలు ధరలు పెట్టాను.

సోమవారం దుకాణానికి వెళ్లేసరికి మామయ్య ముఖం మాడి ఉంది. ముందు నలుగురు కొనేవాళ్లు కూర్చుని ఉన్నారు. విజయవాడ నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసి, డబ్బు కట్టి రెండు రోజులైంది, చీర పంపారా అని అడిగారట. బ్యాంకు ఖాతాలో డబ్బు పడింది. ఆర్డర్ల జాబితాలో మాత్రం ఆవిడ పేరే లేదు. మామయ్య తన ఫోన్‌లో సైటు తెరిచి నా ముందు పెట్టాడు. పైన ప్రమిదల బొమ్మ, దాని పక్కన 15 శాతం తగ్గింపు.

“మార్చేశానన్నావు కదమ్మా, ఇదేమిటి మరి?” అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. చీరలు మడతపెడుతున్న అబ్బాయి చేతులు ఆగిపోయాయి. నా ఫోన్ తీసి చూస్తే నాకూ ప్రమిదలే కనిపించాయి. ఇంట్లో చూసినప్పుడు లేని ప్రమిదలు! చెప్పడానికి నా దగ్గర ఏ సమాధానమూ లేదు.

హోస్టింగ్ కంపెనీ సహాయ కేంద్రాన్ని అడిగాను. బ్రౌజర్‌లో క్యాష్ (దాచి ఉంచిన పాత పేజీలు) తొలగించి చూడమన్నారు. తొలగించాను. మళ్లీ అదే మాట. మూడోసారీ అదే మాట. డబ్బు కట్టిన మనిషి ఆర్డరే కనిపించడం లేదని చెబుతుంటే క్యాష్ సంగతి ఎందుకని గట్టిగా అడిగాను. “మా వైపు అంతా సరిగానే ఉంది. డీఎన్ఎస్ తెలిసినవారిని సంప్రదించండి” అని రాసి సంభాషణ ముగించారు. డీఎన్ఎస్ అంటే సైటు పేర్లకు చిరునామాలు చూపే ఏర్పాటు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

చిరునామా ప్రపంచమంతా మారిందో లేదో చూపే సైట్లలో వెతికితే అన్ని దేశాలకూ పచ్చ గుర్తే. మంగళవారం రాత్రి ఫోన్‌లో సైటు చూస్తూ అనుకోకుండా వైఫై ఆపాను. ప్రమిదలు వచ్చాయి. వైఫై పెట్టాను, పోయాయి. అదే ఫోను, అదే బ్రౌజరు. తేడా నెట్‌వర్క్‌లోనే ఉందని అప్పుడు తట్టింది. కంప్యూటర్‌లో ఎన్ఎస్‌లుకప్ (డొమైన్‌కు ఉన్న చిరునామాలు చూపే ఆదేశం) కొట్టాను. మా డొమైన్‌కు ఒకటి కాదు, రెండు చిరునామాలు కనిపించాయి. కింద చుక్కలతో నేను మార్చిన కొత్త నంబరు. దాని పైన కోలన్లతో, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి చిరునామా. అది ఐపీవీ6, అంటే కొత్త తరం ఐపీ చిరునామా. దాన్ని ఉంచేది నాలుగు ‘ఎ’ల (AAAA) రికార్డు. మూడేళ్ల క్రితం ఇదే కంపెనీ ఇస్తే పెట్టింది. అది ఇంకా పాత సర్వర్‌నే చూపిస్తోంది.

చుక్కల చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లే. 2011 ఫిబ్రవరిలోనే వాటి కేంద్ర నిల్వ ఖాళీ అయింది. అందుకే ఇప్పుడు మన మొబైల్ నెట్‌వర్కులు ఎక్కువగా ఐపీవీ6 మీద నడుస్తున్నాయి. రెండు చిరునామాలూ ఉంటే ఫోను ముందు ఐపీవీ6నే పట్టుకుంటుంది. మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీవీ6 లేదు. కాబట్టి ఇంట్లో నాకు అంతా బాగానే కనిపించింది. నేను చూసిన పచ్చ గుర్తులు కూడా ‘ఎ’ రికార్డువే. మా దుకాణంలో కొనేవాళ్లలో చాలామంది ఫోన్‌లోనే కొంటారు. అంటే కంప్యూటర్ ఉన్నవాళ్లు కొత్త దుకాణానికి, ఫోన్ ఉన్నవాళ్లు పాత దుకాణానికి వెళ్లారు.

రెండు చిరునామాలు ఇచ్చిన కంపెనీ, తరలించేటప్పుడు ఒక్కదాని గురించే చెప్పడం క్షమించరాని నిర్లక్ష్యం. మెయిల్‌లో ఇంకొక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. చీర కొనే మనిషికి సర్వర్ కనిపించదు, డబ్బు తీసుకుని పలకని దుకాణదారు కనిపిస్తాడు. మామయ్య ముప్పై ఏళ్లుగా నిలబెట్టుకున్న మాట అది.

వెంటనే ఆ రికార్డు తీసేశాను. కానీ దాని టీటీఎల్ 86400గానే ఉంది, నేను తగ్గించింది ‘ఎ’ రికార్డుది మాత్రమే. ఇంకో రోజు ఆగక తప్పదు. మీరు ఈ పనికి దిగితే ముందు రికార్డుల పట్టిక మొత్తం తెరిచి, పాత సర్వర్‌ను చూపేవన్నీ కాగితం మీద రాసుకోండి. ఎస్‌పీఎఫ్ రికార్డులోనూ (మీ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితాలోనూ) పాత నంబరు ఉండవచ్చు, మార్చకపోతే మీరు పంపే మెయిళ్లు స్పామ్‌లో పడవచ్చు. మార్చాక వైఫై ఆపి, ఫోన్‌లో కూడా చూడండి. సహాయ కేంద్రాన్ని మాత్రం నమ్ముకోకండి.

పాత సర్వర్‌లోని ఆర్డర్లు బయటికి తీయడానికి మళ్లీ హోస్ట్స్ ఫైలులో పాత నంబరు రాశాను. పదకొండు ఆర్డర్లు ఉన్నాయి. శుక్రవారం రాత్రి నుంచి రెండు డేటాబేసులూ ఒకే నంబరు దగ్గర ఆర్డర్ల లెక్క మొదలుపెట్టాయి కాబట్టి, కొత్తవాటిలోనూ వీటిలోనూ అవే నంబర్లు. ఒక్కొక్కటీ పేరుతో, ఫోన్ నంబరుతో పోల్చి చేత్తో రాసుకున్నాను. తర్వాత పాత సైటు ఆపించాను. అది పలకకపోతే బ్రౌజర్లు చుక్కల చిరునామాకు మళ్లుతాయి. బుధవారం మధ్యాహ్నం మామయ్య ఫోన్‌లో ప్రమిదలు పోయాయి.

ఆ పదకొండు మందీ తగ్గింపు ధరకే కొన్నారు. తేడా డబ్బు నా జీతంలోంచి ఇస్తానన్నాను. మామయ్య వినలేదు. “మన సైటులో కనిపించిన ధర మనదే” అని, కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేశాడు. మొదటి ఫోన్ విజయవాడ టీచరమ్మకు. నిన్న సాయంత్రం పదకొండో పార్సిలు కొరియర్‌కు వెళ్లింది.