పేసర్లు లేని పరుగే నాకు పందెం

దూరపు పరుగు గురించి నా అభిప్రాయం ఒకటి తోటి రన్నర్లలో చాలామందికి నచ్చదు: పేసర్లను, అంటే నిర్ణీత వేగంతో ముందు పరుగెత్తి వేగం నిలబెట్టే రన్నర్లను, పెట్టుకుని రికార్డు కోసం పరుగెత్తడం గడియారంతో పోటీయే తప్ప పందెం కాదు. 2023లో బెర్లిన్‌లో ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో మారథాన్ ముగించి మహిళల ప్రపంచ రికార్డు సృష్టించినప్పుడు ఆమెకు తోడుగా పురుష పేసర్లు ఉన్నారు. మెచ్చుకున్నాను గానీ, ఆ పరుగులో నాకు గుర్తున్నది ఆ అంకె ఒక్కటే.

2024 ఆగస్టు 11, ఆదివారం మధ్యాహ్నం, కలుపుకున్న అన్నం కంచంలోనే ఎండిపోతుండగా నేను చూసిన పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో పేసర్లు లేరు. 5,000, 10,000 మీటర్లలో అప్పటికే కాంస్యాలు గెలిచి వచ్చిన నెదర్లాండ్స్ రన్నర్ సిఫాన్ హసన్, అదే అసెఫా, చివరి మలుపులో ఒకరికొకరు తగిలేంత దగ్గరగా పోరాడారు. 42 కిలోమీటర్లు దాటాక కూడా తేడా మూడే సెకన్లు. గెలిచిన హసన్ సమయం 2:22:55, అంటే ఆ రికార్డుకు 11 నిమిషాలు వెనుక. అయితేనేం?

ఈ మాట మా ఆదివారం బృందంలో అన్నప్పుడు, "మొన్నటి పది కిలోమీటర్లలో మీరూ పేసర్ జెండా వెనకే పరుగెత్తారు కదండీ" అని ఒకాయన నవ్వారు. నిజమే, పరుగెత్తాను. ఏడో కిలోమీటరు దగ్గర ఆ జెండా నాకు కనుమరుగైపోయింది కూడా.