లాక్ నోటుబుక్కు, మన గుణింతం

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు.

రూళ్ళకర్ర, ఎర్రపెన్ను, కొత్త లాంగ్ నోట్‌బుక్. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ చెప్పినట్టు, నోటుబుక్కులో రాసుకున్నవి మళ్ళీ దొరికేలా సూచిక గీయడానికి ముప్పావుగంట పట్టింది.

లాక్ అంటే అందరికీ తెల్లకాగితమే గుర్తు. పుట్టినప్పుడు మనసు మీద ఏ రాతా ఉండదని, రాసేది అనుభవమేనని ఆయన వాదం. అది చెప్పిన పెద్ద పుస్తకం 'ఎస్సే కన్సర్నింగ్ హ్యూమన్ అండర్‌స్టాండింగ్' 1689 చివర్లో వచ్చింది, అచ్చులో మాత్రం 1690 అని వేశారు. సరే, అనుభవం రాసింది మళ్ళీ కావాలంటే ఎక్కడ వెతకాలి? ఆ బాధ ఆయనకు బాగా తెలుసు. 1666 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో వాతావరణం రాసుకునేవాడు. వైద్యం చదివినవాడు కాబట్టి 1668లో తన పోషకుడైన ఆష్లీ ప్రభువు కాలేయపు గడ్డ ఆపరేషన్ దగ్గరుండి చేయించాడు. చీము కారడానికి వెండి గొట్టం పెట్టారు. ఇలా చూసిందల్లా రాసేవాడికి సూచిక లేకపోతే మిగిలేది కాగితాల కుప్పే. ఏళ్ళ తరబడి వాడి చూశాకే తన సూచిక పద్ధతిని 1686లో, హాలండ్ ప్రవాసంలో ఉండగా, ఫ్రెంచిలో అచ్చు వేయించాడు.

పద్ధతి ఇది. ఎదురెదురు పేజీలు రెండు, పేజీకి రెండు నిలువు వరసలు, వరసకు 25 గళ్ళు. మొత్తం 100. ఇరవై అక్షరాలు, ఒక్కోదానికి ఐదు అచ్చులు. K, Y, W తీసేసి C, I, Uలతో సరిపెట్టాడు. Qని Z చివరి గడిలో పడేశాడు. శీర్షిక మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు కలిస్తే గడి. 'ఎపిస్టోలా' (Epistola, లాటిన్‌లో ఉత్తరం) అయితే E-i. గడి ఖాళీగా ఉంటే నోటుబుక్కులో తర్వాతి ఖాళీ జంటపేజీ తెరిచి రాసి, ఆ పేజీ నంబరు గడిలో వేయాలి. జంట నిండితే మళ్ళీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పోయి, ఆ నంబరు కూడా గడిలో చేర్చాలి. పేజీల నంబర్లు ముందే వేసుకోకపోతే ఇక్కడే తప్పు జరుగుతుంది. అక్షరానికింత అని పేజీలు ముందే పంచేయడం ఇంకా పెద్ద తప్పు. కొన్ని పొంగిపోతాయి, కొన్ని ఎండిపోతాయి.

తెలుగుకి ఇది అచ్చంగా గుణింతం! ఆయన అచ్చు కోసం పదంలో వెతుక్కోవాలి, మనకు అక్షరంలోనే ఉంది. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాల్ని మామూలు హల్లుల్లో, ణ-ళ-ఱలను న-ల-రలలో కలిపి, శ-షలకు ఒక వరస, సకు ఒకటి, అచ్చులతో మొదలయ్యే పదాలకు ఒకటి ఇస్తే సరిగ్గా ఇరవై వరసలు. దీర్ఘాలు హ్రస్వాల్లోకి, ఐ-ఔలు ఎ-ఒల్లోకి. ప్రేమ: ప-ఎ. జ్ఞాపకం: జ-అ.

చిక్కల్లా అకారం దగ్గర. పని, పాట, పాలు, పంట అన్నీ ప-అలోకి వచ్చి పడతాయి. య-ఇ ఏడాదైనా ఖాళీగానే ఉంటుంది. రెండోది, శీర్షికలకు భాష ఒకటే ఉండాలని లాక్ గట్టిగా చెప్పాడు. ఈరోజు జ్వరం, రేపు ఫీవర్ అని రాస్తే ఒకే జబ్బు జ-అలో సగం, ప-ఇలో సగం.

మొదటి పద్దు ముసురు మీదే. శీర్షిక మాత్రం 'వాన' అని పెట్టాలి, లేకపోతే మ-ఉలోకి పోయి మళ్ళీ దొరకదు. వ-అ, పేజీ 4.