ఉభాల నుంచి నూర్పుల దాకా: ఊరి చేలో ఫొటోలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉభాలు, అంటే వరి నాట్లు, ఊపందుకునేది జూలై, ఆగస్టుల్లో. సరిగ్గా జూలై ఆఖరుకి మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు. ఆ ఎండలో తీస్తే తలగుడ్డ కింద మొహాలు నల్లగా పోతాయి, మడిలో నీళ్లు వట్టి తెలుపుగా మిగులుతాయి. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా దీనికి మందు లేదు. అందుకే ఉభాల ఫొటోలకి ఉదయం తొమ్మిదిలోపు వెళ్లాలి, లేదా ముసురు పట్టిన రోజు ఎప్పుడైనా వెళ్లొచ్చు. మబ్బు పట్టిందని కెమెరా బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ గానీ, మొహాలు బాగా పడేది ఆ రోజే.

మబ్బు రోజు ఇబ్బందంతా ఆకాశంతోనే. అందులో ఏమీ ఉండదు, కానీ ఫ్రేములో సగం తినేస్తుంది. ఎత్తైన గట్టు చూసుకుని నిలబడి, కెమెరాని కాస్త కిందికి వంచి ఆకాశాన్ని ఫ్రేము బయటికి నెట్టేయండి. షట్టర్ వేగం 1/250 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/5.6, వెలుగుకి సెన్సారు స్పందించే స్థాయి ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెడితే చాలు. నాటేవాళ్ల చేతులు చాలా వేగంగా ఆడతాయి. 1/125కి దిగితే వేళ్లూ నారూ కలిసి చెదిరిపోతాయి. నీళ్ల మెరుపు చూసి కెమెరా మోసపోయి మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది కనుక ఎక్స్‌పోజర్ సర్దుబాటు (వెలుగు పెంచే, తగ్గించే అంకె) +0.7 పెట్టుకోండి. ఫోనైతే మొహం మీద వేలితో తాకి, పక్కన కనబడే సూర్యుడి గుర్తుని పైకి జరపండి. ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం చేలో వాడొద్దు. సన్నటి వరి మొక్కల అంచులు దానికి అంతుపట్టవు, సగం మొక్కని మసక చేసి సగం వదిలేస్తుంది.

ఎక్కడ నిలబడాలన్నది సెట్టింగుల కంటే ముఖ్యం. ఉభాలేసేవాళ్లు వెనక్కి అడుగేస్తూ నాటుతారు. కాబట్టి వాళ్లు మొదలుపెట్టిన గట్టు మీద ఉంటే మీ ముందు అప్పుడే నాటిన పచ్చటి వరసలు, వాటి వెనక మీ వైపు తిరిగిన మనుషులు పడతారు. ఎదురు గట్టు మీద ఉంటే వంగిన నడుములే పడతాయి. అది మర్యాదా కాదు, ఫొటో కూడా కాదు. పైగా వాళ్లు వచ్చేది మీ మీదికే. కొత్తగా చెక్కి మట్టి మెత్తిన గట్టు మీద అడుగు పెట్టకండి, తెగిందంటే నీరు పక్క మడిలోకి పోతుంది.

కెమెరా బయటికి తియ్యగానే "ఏటి బావూ, సర్వేకొచ్చారేటి?" అని అడుగుతారు. భూమి కొలతలో, పంట నష్టమో, ఏదో ఒక లెక్క రాసుకోడానికి వచ్చారనుకుంటారు. "కాదమ్మా, పని ఫొటో తీసుకుంటాను, పరవాలేదా?" అని ముందే అడిగేస్తే సరి. వద్దంటే వద్దనే. సరేనన్నాక కాసేపు ఊరికే కూర్చోండి. మొదటి పది నిమిషాలూ అందరూ కెమెరాకేసే చూస్తారు, ఆ తరవాత మిమ్మల్ని మర్చిపోతారు.

నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేసి వదిలిన మడి, నాట్లు వేసేలోపు అద్దంలా ఉంటుంది. కొండ, తాటిచెట్లు, మబ్బు అన్నీ అందులో దిగుతాయి. గాలి లేచిందంటే అంతా చెదిరిపోతుంది, అందుకని తెల్లారగానే వెళ్లాలి. లెన్సుకి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి; అది మీకు కావలసిన నీళ్లలోని ప్రతిబింబాన్నే తుడిచేస్తుంది. వాన వెలిసిన మర్నాడైతే మందస వైపు నుంచి మహేంద్రగిరి అంచులు కూడా తేటగా కనిపిస్తాయి. కొండ ఒడిశాలో ఉంది గానీ, 1,501 మీటర్ల ఎత్తు కావడంతో మన చేల వెనక గోడకట్టినట్టు నిలుస్తుంది.

కోతలకి వెలుగు పూర్తిగా మారిపోతుంది. డిసెంబరు ఆఖర్లో పొద్దు పొడిచేది సుమారు 6:20కి, కుంకేది 5:20కి. నాలుగుంపావు నుంచి గంటసేపే మంచి వెలుగు. పొద్దున్న మంచు పడితే కెమెరా ఆ తెలుపుని బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ +1 ఇవ్వాలి. మంచులో ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది కనుక తాటిమాను అంచు మీద ఫోకస్ కట్టి మాన్యువల్‌లో పెట్టేయండి. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద చెమ్మ కమ్ముతుంది. గుడ్డతో తుడవకండి, బ్యాగు మూసే ఉంచి అరగంట ముందు బయట పెట్టండి.

ఇప్పుడు చాలాచోట్ల మిషన్లే నూరుస్తున్నాయి. చేటతో తూర్పారబట్టడం దొరికితే వదలకండి. ధూళి వెలగాలంటే సూర్యుడు దాని వెనక ఉండాలి, దానికి వెనక నల్లటి నేపథ్యం, అంటే గడ్డికుప్ప నీడో తోపో, ఉండాలి. వెనక ఆకాశమే ఉంటే ధూళి కనబడదు. గింజలు విడివిడిగా ఆగాలంటే 1/500, గీతల్లా జారాలంటే 1/60. సాయంత్రం సూర్యుడు నైరుతిలో ఉంటాడు. గాలి ఈశాన్యం నుంచి వీస్తుంటే గాలి వచ్చే వైపే మీరు నిలబడొచ్చు, ఊక మీ మీద పడదు. సముద్రపు గాలి తిరిగితే మీరూ చోటు మార్చుకోవాలి. అక్కడ లెన్సు మార్చొద్దు. కళ్లంలోకి చెప్పులతో దిగొద్దు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. అక్కడ కనీసం 300 మి.మీ. లెన్సు కావాలి. తెల్లటి రెక్కల మీద ఎండ పడితే ఎక్స్‌పోజర్ -0.7 పెట్టండి, లేకపోతే ఈకల గీతలు పోతాయి. చెట్టు కిందికి వెళ్లి చప్పట్లు కొట్టి లేపి తీసే ఫొటో తీయనక్కర్లేదు.

మీరు ఎవరి ఫొటో తీశారో వాళ్లకి ఒక ప్రింటు ఇవ్వండి, వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. ఫోన్ ఫొటో 4:3లో ఉంటుంది, స్టూడియోలో కొట్టే 4×6 కాగితం 3:2. ఫోను అడ్డంగా పట్టి తీస్తే పైనా కిందా కోత పడుతుంది, అందుకని తీసేటప్పుడే తల పైనా పాదాల కిందా ఖాళీ వదలండి; నిలువుగా తీస్తే కోత పక్కలకి పడుతుంది, అక్కడ వదలండి. మ్యాట్ కాగితం అడగండి. నిగనిగలాడే కాగితం మన ఉక్కకి ఫ్రేము అద్దానికి అంటుకుపోతుంది.