బీఏ హిస్టరీ నుంచి హైస్కూల్ సోషల్ టీచర్ దాకా: నా అనుభవం

ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ అంటే మా ఉదయగిరి పక్క ఊళ్లలో ఇప్పటికీ మొదట అడిగే మాట, “దాంతో ఏం ఉద్యోగం వస్తాది?” అని. నేను హైస్కూల్లో సోషల్ చెప్పాలనే ఆ గ్రూపు తీసుకున్నా. మా నాయన అడ్డు చెప్పలేదు. బీఏ చదివే పిల్లలు, వాళ్ల పెద్దవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు గనక ఆ దారి ఎట్లా నడిచానో రాస్తున్నా.

కావాల్సినవి ఇవి: డిగ్రీ, బీఈడీ సీటు కోసం రాసే ఎడ్‌సెట్, సోషల్ మెథడాలజీతో (సోషల్ చెప్పే పద్ధతులతో) బీఈడీ, టీచరు అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 2ఏ, చివరికి ప్రభుత్వ టీచర్ పోస్టుల కోసం రాసే డీఎస్సీ. మేము డిగ్రీలో మూడు సబ్జెక్టులూ సమానంగా చదివాం. 2023 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి (ఒక సబ్జెక్టు ప్రధానంగా, ఇంకొకటి మైనర్‌గా) వచ్చింది కాబట్టి ఇప్పటి పిల్లలు హిస్టరీ మేజర్ తీసుకుంటే మైనర్ కూడా సోషల్‌కి పనికొచ్చేదే చూసుకోవాలి. పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి తీసి, అర్హతల పేజీ చదివాకే కాలేజీలో చేరమని అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నా.

నా డిగ్రీ కావలిలో. మొదటి ఏడాదంతా తెలుగు అకాడమీ పుస్తకాలు, రాజవంశాలు, తేదీలు. రెండో ఏడాది మా లెక్చరర్ ఒకాయన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు తెచ్చి క్లాసులో బల్ల మీద పెట్టారు. బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సేకరించినవి, 1905లో అచ్చయినవి, మూడు సంపుటాలు. “మీ తాలూకా తీసి చదవండమ్మా” అన్నారు. అందులో శాసనాలు తాలూకాల వారీగా ఉంటాయి. ఒంగోలు పిల్లలు వాళ్ల తాలూకా కూడా అందులో ఉండటం చూసి ఆశ్చర్యపోయారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదని, ప్రకాశం జిల్లా అనేది 1970లో పుట్టిందని ఆ రోజే మాలో చాలామందికి తెలిసింది.

శాసనం అంటే రాజుల గొప్పలు అనుకుంటాం. చదివితే ఎక్కువ భాగం భూమి, చెరువు, గుడిలో దీపం, పన్ను మినహాయింపు. ఈ ధర్మం చెడగొట్టినవాడు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడనే శాపం చాలావాటి చివర ఉంటుంది. ఆ మాటలు చదువుతుంటే ఊరి రచ్చబండ దగ్గర ఎవరో గట్టిగా తిడుతున్నట్టే ఉంది. తర్వాత ఉదయగిరి దగ్గరికొచ్చా. గజపతుల చేతిలో ఉన్న కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో పట్టుకున్నాడని పుస్తకంలో ఒక్క లైను ఉంటుంది. ఆ కోట నుంచి తీసుకుపోయిన బాలకృష్ణ విగ్రహం కోసం హంపిలో కృష్ణాలయం కట్టించాడని, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందని సార్ చెప్పాక, 1514 నాకు ఇంక ఎప్పుడూ మరిచిపోయే తేదీ కాలేదు. అప్పటి నుంచి ఏ పాఠం చదివినా, అది మా నేలను ఎక్కడ తాకిందో వెతకడం అలవాటైంది. ఇన్నేళ్ల చదువులో నాకు నిజంగా ఉపయోగపడింది ఈ ఒక్క అలవాటే.

ఎడ్‌సెట్‌కి చదివేటప్పుడు భూగోళం ఎదురైంది. సోషల్ మెథడాలజీ ప్రశ్నల్లో హిస్టరీకి 30, భూగోళానికి 35. బీఏలో నేను దాని ముఖమే చూడలేదు. చరిత్ర మీద ఎంత ఇష్టమున్నా సోషల్ టీచరుకి రుతుపవనాలు, నేలలు, అక్షాంశాలు తప్పవు. అక్కడా మా ఊరి వానలే ఆదుకున్నాయి. దేశంలో ఎక్కువ భాగానికి నైరుతి రుతుపవనాల్లోనే వాన. మా నెల్లూరుకి మాత్రం అసలు వానలు అక్టోబరు దాటాక ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో వాయుగుండాలతో వస్తాయి. నార్లు ఎప్పుడు పోస్తారో తెలిసిన ఇంట్లో పుట్టినదానికి ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనిపించింది. అక్కడి నుంచి గాలుల దిశ, పీడనం వరసగా అర్థమయ్యాయి. అట్లాస్ పక్కన పెట్టుకోకుండా భూగోళం చదవొద్దని మాత్రం గట్టిగా చెబుతా.

బీఈడీ 2015 నుంచి రెండేళ్లు. మైక్రో టీచింగ్, పాఠ్య పథకాలు, చార్టులు, రికార్డులు. రాతపని విపరీతం. అయినా ఇంటర్న్‌షిప్ ఒక్కటే మిగతా అంతా మరిపించింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో సామాజిక ఉద్యమాల పాఠం నా వంతుకు వచ్చింది. చిప్కో, నర్మద ఉద్యమాల గురించి చెప్పి, ఆ తర్వాత కలిగిరి మండలం దూబగుంట పేరు బోర్డు మీద రాశా. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం, రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన, ఊళ్లో సారా మాన్పించిన సీతమ్మ కథ, సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ, సారా కొట్టు మూయించడం. పిల్లలు వింటున్నారు. మధ్య వరసలో ఒక పిల్ల లేచి, “టీచర్, మా అవ్వ కూడా ఆ ఉద్యమానికి పోయిందంట” అంది.

హెడ్‌మాస్టర్ గారిని అడిగి రెండో రోజు ఆ అవ్వను బడికి పిలిపించాం. నీలంచు తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. “అక్షరాలు నేర్చుకునేదానికి పోయినాం. ఆ కత చదివితే మా కతే అనిపించింది. మొగోళ్లు కూలి డబ్బులు సారా ప్యాకెట్లకు పెడుతుంటే పిల్లోళ్లకు కూడు యాడిది? కారం, చీపుర్లు పట్టుకోని బండికి అడ్డం నిలబడినాం.” ఒక పిల్లవాడు భయం వేయలేదా అని అడిగాడు. “వేసింది నాయనా. అందరం ఉండాం గదా” అంది. అప్పుడు నేను బోర్డు మీద 1993 అక్టోబరు 1, సారా నిషేధం అని రాశా. దాని కింద 1995 జనవరి, సంపూర్ణ మద్య నిషేధం. తర్వాత పెట్టిన స్లిప్ టెస్టులో ఆ రెండు తేదీలు తప్పు రాసినవాళ్లు లేరు. ఈ ఉద్యమం కొన్నేళ్ల కిందటి దాకా ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో కూడా ఉండేది, అంటే ఎక్కడో ఢిల్లీ పిల్లలు నెల్లూరు ఆడవాళ్ల గురించి చదివారు. మన పిల్లలకు తెలియకపోతే ఎట్లా?

తర్వాతి కాలం తొందరగా చెప్పేస్తా. ప్రైవేటు స్కూల్లో చేరా. ఎండాకాలం సెలవులకు జీతం ఇచ్చేవాళ్లు కాదు. 2018 తర్వాత పెద్ద డీఎస్సీ లేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఈ మధ్యలో ఆశ వదులుకుని సేల్స్ పనుల్లోకి పోయిన మా బ్యాచ్ వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధే. బాగా పాఠం చెప్పేవాళ్లు.

టెట్‌కి 150 మార్కులు, అందులో సోషల్‌కి 60. దానికి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. మిగతా 80 మార్కులు 160 ప్రశ్నలకు, ప్రశ్నకు అర మార్కు. కోచింగ్‌కి చాలామంది అవనిగడ్డ పోయారు. నేను నెల్లూరులోనే ఉండి, ఆరు నుంచి పది దాకా పాఠ్యపుస్తకాలు బొమ్మల కింద రాతలతో సహా చదివా. తేదీలను జాబితాగా పెట్టుకోలేదు, ఒక దాని నుంచి ఒకటి పుట్టేట్టు రాసుకున్నా. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల ప్రవేశం కోసం నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు గారే 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు దీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం, మొదటి ముఖ్యమంత్రి మన ఒంగోలు పక్క వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు. అదే ఏడాది చివర రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు ఫజల్ అలీ కమిషన్, 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు. పదేళ్ల చరిత్ర ఒక పేజీలో పట్టింది. పరీక్షలో కాలక్రమం ప్రశ్నలకు ఆ పేజీ కళ్లముందు కనిపించేది.

ఇప్పుడు పదో తరగతికి చెబుతున్నా. హిస్టరీలో మొదటి పాఠం యూరప్‌లో జాతీయవాదం. మాజినీ, గారిబాల్డి, బిస్మార్క్ పేర్లు వినగానే పిల్లల ముఖాలు మాడిపోతాయి. అందుకని నేను పాఠం మూసి, ఒక భాష మాట్లాడేవాళ్లకు ఒక రాష్ట్రం ఎందుకు కావాలనిపించింది అని ఆ 1952 దగ్గర మొదలుపెడతా. వాళ్లే వాదించుకుంటారు. అప్పుడు ఇటలీ 1861లో, జర్మనీ 1871లో ఒక్క దేశంగా ఏర్పడ్డాయని చెబితే, “వాళ్లదీ ఇదే గొడవనా టీచర్?” అని అడుగుతారు. ఎక్కడ ఒకటో ఎక్కడ వేరో, బిస్మార్క్ యుద్ధాలకూ శ్రీరాములు గారి దీక్షకూ తేడా ఏమిటో మిగతా పీరియడ్లన్నీ దాని మీదే.

తొమ్మిదో తరగతి వాళ్ల చేత ఊరి చరిత్ర నోటుబుక్కులు రాయిస్తున్నా. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ముందు రాయి మీద ఏముంది, పేటలకు ఆ పేర్లెందుకు వచ్చాయి, ఇవన్నీ పెద్దవాళ్లను అడిగి రాయాలి. రాళ్ల మీద అక్షరాలుంటే సున్నం పూయొద్దని, ఫోన్లో ఫొటో తీసుకురమ్మని చెప్పా. వచ్చిన ఫొటోలను ఆ 1905 సంపుటాలతో పోల్చి చూస్తున్నాం.