జర్మనీ అమ్మాయికి కడపలో గది దొరకలేదు – నా అనుభవం

ఈ పొద్దునే ఆ అమ్మాయిని తిరుపతి బస్సెక్కించి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

మా తమ్ముడు జర్మనీలో ఉద్యోగం చేస్తాడు. వాడితో పనిచేసే అమ్మాయి ఇండియాకు వస్తూ, ఒక మామూలు ఊళ్లో మనుషులు ఎట్లా బతుకుతారో ఒక్కరోజన్నా చూడాలి అందంట. "అక్కా, మన కడప చూపించు" అన్నాడు. వీసా, టికెట్లు వాళ్లే చూసుకున్నారు, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. మా ఇంట్లో రెండే గదులు, అత్తమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. అందుకని ఒక లాడ్జిలో ఫోన్‌లోనే గది బుక్ చేసి డబ్బు కూడా కట్టేశాను.

హైదరాబాద్ రైలు తెల్లవారుజామున వచ్చింది. లాడ్జికి పోతే కౌంటర్లో అబ్బాయి కళ్లు నలుపుకుంటూ లేచి "ఆధార్ ఇవ్వండి" అన్నాడు. ఆ అమ్మాయి పాస్‌పోర్ట్ ఇచ్చింది. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాడు, ఒక పేజీ మీద వేలు పెట్టి కాసేపు ఆగాడు, తర్వాత మూసేసి గాజు బల్ల మీద నా వైపు తోశాడు. ఇచ్చింది ఆమె, తోసింది నా వైపు. "ఫారిన్ వాళ్లకు ఇవ్వం మేడమ్." డబ్బు కట్టాను కదా అంటే అది యాప్ వాళ్లనడగండి అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఈమె మీకేమవుతుంది?" అన్నాడు. మా తమ్ముడి స్నేహితురాలు అని చెప్పాను. "స్నేహితురాలంటే?" అని నవ్వాడు. బెంచీల మీద పడుకున్న ఇద్దరు లేచి కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. 22 ఏళ్లుగా ఈ ఊరి పిల్లలకు పాఠాలు చెప్తున్నదాన్ని, నన్నెవరూ ఆ గొంతుతో మాట్లాడించలేదు. ఆ అమ్మాయికి మాటలు అర్థం కాకపోయినా ఆ నవ్వు అర్థమైంది. బ్యాగు తగిలించుకుని గమ్మున బయటికి నడిచింది.

రెండో లాడ్జిలో ఓనర్ లేడన్నారు. మూడో చోట రేటు రెండింతలు చెప్పి "రిజిస్టర్‌లో రాయకుండా ఇస్తాం, పొద్దున్నే ఖాళీ చేయాలి" అన్నారు. అట్లాంటి గది ఎవరు ఇస్తామన్నా తీసుకోవద్దు, రేపు ఏదన్నా జరిగితే ఇరుక్కునేది ఆ అతిథే.

అసలు సంగతి తర్వాత తెలిసింది. విదేశీయులకు గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. ఎవరు బస ఇచ్చినా, అది లాడ్జి అయినా మామూలు ఇల్లయినా, 24 గంటల్లోపు ఆ అతిథి వివరాలతో ఫారం సి అని ఒకటి ఆన్‌లైన్‌లో పంపాలి, అంతే. 2025లో 1946 నాటి ఫారినర్స్ యాక్ట్ పోయి కొత్త చట్టం వచ్చినా ఆ బాధ్యత అట్లాగే ఉంది. జిల్లాల్లో దాన్ని చూసేది ఎస్పీ. ఆ ఫారం నింపే ఓపిక లేక "రూల్ లేదు మేడమ్" అని మనల్ని రోడ్డున పడేస్తున్నారు. మీరు బుక్ చేసేముందు ఫోన్ చేసి "ఫారం సి వేస్తారా?" అని సూటిగా అడగండి, చెప్పినవాళ్ల పేరు రాసిపెట్టుకోండి. యాప్‌ను మాత్రం నమ్మొద్దు. నా డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.

ఇంటికి తీసుకుపోతే అత్తమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి "ఇంటికొచ్చిన పాపను లాడ్జీలో పెడ్తారా ఎవరన్నా? నా మంచం పక్కనే ఇంకో మంచం ఎయ్యండి" అంది. ఆ మాట ముందు రోజే నాకు తోచాల్సింది.

తర్వాత రోజంతా హాయిగా గడిచింది. పొద్దున ఎర్రకారం, పప్పులపొడి వేసిన దోసె. నీళ్లు తాగుతూనే రెండోది కూడా అడిగింది. దేవుని కడప గుడికి పోయి, ఉగాది నాడు ముస్లింలు కూడా ఇక్కడికి వచ్చి స్వామిని దర్శించుకుంటారని చెప్తే నమ్మలేకపోయింది. అక్కడి నుంచి పెద్ద దర్గాకు పోతే, పక్కనే నిలబడి మొక్కుతున్న బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లను చూసి, ఇక నేను చెప్పనక్కర్లేదంది.

ఎక్కువసేపు ఉన్నది బ్రౌన్ గ్రంథాలయంలో. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఇక్కడ బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, చెదలు పట్టిపోతున్న తెలుగు కావ్యాలకు మేలుప్రతులు రాయించాడు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగి, చందాలు పోగుచేసి ఈ గ్రంథాలయం నిలబెట్టారు. తాళపత్రాల మీద సన్నగా గీసిన అక్షరాలను ఆ అమ్మాయి వంగి చూస్తూ "ఆయనకు ఇల్లు ఎవరిచ్చారు?" అంది. పొద్దుటి సంగతి గుర్తొచ్చి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం రాగిసంగటి. ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోయడం అత్తమ్మే నేర్పించింది. సంగటి నమలకూడదు, పులుసులో అద్ది మింగాలి అని చేత్తో గొంతు చూపించి మరీ చెప్పింది.

సాయంత్రం ఫారం సి పట్టుకుని కూర్చున్నాం. ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన పేరుతోనే ఆ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేశాం. పాస్‌పోర్ట్, వీసా నంబర్లు, ఇండియాలో దిగిన తేదీ, ఎక్కడి నుంచి వచ్చింది, ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుంది, ఇవే అడిగేది. ఫోటో సైజు ఎక్కువైందని మూడుసార్లు వెనక్కి కొట్టింది, అదొక్కటే చికాకు. రూపాయి ఖర్చు లేదు. రాత్రి తొమ్మిదికల్లా నా చేతులతో నేనే పూర్తి చేశాను, ఏ ఏజెంటునూ పట్టుకోలేదు.

ప్రింటు తీసి బీరువాలో ఇంటి కాగితాల మధ్య పెట్టాను. వచ్చే డిసెంబర్‌లో ఇంకో ఇద్దరు వస్తామంటున్నారని తమ్ముడు ఇందాకే ఫోన్ చేశాడు. నేరుగా ఇంటికే రమ్మన్నాను. అత్తమ్మ అప్పుడే రాగులు ఎండబెట్టిస్తోంది.