నేరేడు చెట్టు మీంచి పడ్డాక నా చెయ్యి

1996 జూన్‌లో, ఇంకో రెండు రోజుల్లో బడి తెరుస్తారనగా, తెనాలి దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నేరేడు చెట్టు మీంచి పడ్డాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ముందు రోజు రాత్రి వాన పడి బెరడు ఇంకా తడిగానే ఉంది. పైగా నా అంతట నేను ఎక్కింది కాదు, మొదటి కొమ్మ అందకపోతే మాకంటే పెద్దవాడొకడు ఎత్తి కూర్చోబెట్టాడు. పళ్ళేమో కొమ్మల చివర్లోనే ఉంటాయి కదా, అటు జరిగాను, పటుక్కున విరిగింది. నేరేడు కొమ్మ పెళుసు, వంగి హెచ్చరించదు.

పడేటప్పుడు చెయ్యి ఆనించడంతో ఎడమ మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. తాతయ్య కంగారుగా పక్కూళ్ళో కట్లు కట్టే ఆయన దగ్గరికి ఎత్తుకెళ్ళారు. ఆయన చెయ్యి లాగి, కోడిగుడ్డు సొన పూసిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. రాత్రికి నొప్పి తగ్గకపోగా పెరుగుతూ పోయింది. కట్టన్నాక నొప్పి ఉంటుందిలే అన్నారందరూ. వేళ్ళు తెల్లబడి చల్లగా అయిపోయాయి, అమ్మమ్మ ఒక వేలు చాపబోతే కేక పెట్టాను. నర్సుగా పనిచేసే పక్కింటి అత్త డ్యూటీ దిగి వచ్చి, నా వేళ్ళు చూసిందో లేదో, కత్తెర తెచ్చి కట్టు కోసేసింది. "పిన్నిగారూ, తెల్లారేదాకా ఆగొద్దు, గుంటూరు బయల్దేరండి" అంది.

లోపల వాపు పెరుగుతుంటే కట్టు సాగదు, రక్తం ఆడక కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది, ఆ తర్వాత వేళ్ళు ముడుచుకుపోతాయని గుంటూరు డాక్టరుగారు అమ్మకి చెప్పారట. ఆపరేషన్ చేసి రెండు సన్నటి తీగలు పెట్టారు, నాలుగో వారంలో తీశారు. అసలు కష్టం అక్కడే మొదలైంది, మోచెయ్యి బిగుసుకుపోయి అన్నం ముద్ద కూడా నోటిదాకా వచ్చేది కాదు. మాలీషు చేయిస్తామని, లాగి సరిచేస్తామని ఎంతమంది వచ్చారో! పిల్లల మోచేతికి అది చెయ్యకూడదు, బలవంతంగా వంచితే ఇంకా బిగుస్తుంది, తనే మెల్లగా వంచుకోవాలి అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు కాబట్టి అమ్మమ్మ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రోజూ ఖాళీ గ్లాసు ఇచ్చి, తాగినట్టు ఎత్తమనేది. సంక్రాంతికి నా జడ నేనే వేసుకున్నాను. అమ్మమ్మ ఏడ్చింది.

ఇప్పుడు నా కూతురికి ఎనిమిదేళ్ళు. చెట్టెక్కొద్దని నేను అనను, ఎక్కడం రాని పిల్లలు ఎవరూ చూడనప్పుడు ఎక్కితే ఇంకా ప్రమాదం. మునగ, నేరేడు మాత్రం వద్దన్నాను. కరెంటు తీగ దగ్గరున్న చెట్టు ఏదైనా సరే వద్దు. వాన పడిన రోజు వద్దు, చున్నీ వేసుకుని అసలే వద్దు. నేను ఎత్తి ఎక్కించను, తనంతట తాను ఎక్కినంత వరకే, ఎందుకంటే ఎక్కగలిగిన చోటి నుంచి చాలావరకు దిగడం కూడా వస్తుంది. ఎండిన కొమ్మ మీద కాలు పెట్టకుండా, కొమ్మ మొదలు దగ్గరే అడుగు వేసి, రెండు చేతులూ ఒకేసారి వదలకుండా ఉండాలని నేర్పించాను. చెట్టు కింద రాళ్ళు ఏరేశాను.

మొన్న అత్తయ్యగారి పెరట్లో జామచెట్టెక్కి, పైకొమ్మని చేత్తో లాగి చూసుకుని, "అమ్మా, ఇది ఊగుతోంది, దిగిపోతున్నా" అంది. నేను కిందే నిలబడి ఉన్నాను.